రెండును మూడు చేసిన కథ

మా మన్సూరాబాద్ నుండి ఎల్బీనగర్ కూడలికి వచ్చి తూర్పుకు తిరిగితే విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి. నేను ఈ పేటకు కాపురం వచ్చిన కొత్తలో దాని అంకె 9. 2010లో దేశమంతటా జాతీయ రహదారుల అంకెలను తిరగరాసినప్పుడు అది 65 అయింది. పూణే నుండి షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే దారి అదే, దారి పక్కన చింతచెట్లూ అవే. అయినా చాలా కాలం పాటు కొన్ని బోర్డుల మీద 9, కొన్నిటి మీద 65 కనబడుతూ ఉండేవి. మా పాల వ్యాపారి నేటికీ "నైన్ హైవే" అనే అంటాడు. ఆయనకేమీ నష్టం లేదు, ఎందుకంటే ఆయన అంకెను చూసి దారి పట్టేవాడు కాదు. అంకెను మాత్రమే నమ్ముకుని నడిచేవాడికే చిక్కు.

అంకెను మాత్రమే నమ్ముకుని నడిచేది యంత్రం. ఆ యంత్రానికి దారి చెప్పే పని ఇరవై ఏళ్ళకు పైగా చేస్తున్నవాణ్ణి కనుక, ఒక చిన్న అంకెను మార్చడానికి మూడేళ్ళు బద్ధకించి నేను కట్టిన మూల్యం గురించి, దానినుండి నాకు ఏర్పడిన ఒక అభిప్రాయం గురించి చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు. సాహిత్యం చదవడానికి వచ్చిన మిత్రులు విసుక్కోవద్దని మనవి. చివరికి ఇది కూడా అక్షరాల గొడవే.

ముందుగా వస్తువును పరిచయం చేస్తాను. ప్రోగ్రాము రాసినవాడు తప్పు చేయక మానడు. ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి, నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, దాని కడుపులో ఏముందో చూపించే పనిముట్టును డీబగ్గర్ అంటారు. దోషశోధిని అందామంటే నాకు అభ్యంతరం లేదు గాని, ఈ వ్యాసంలో అలవాటైన మాటే వాడతాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో అందరికీ తెలిసిన డీబగ్గర్ జీడీబీ. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదలుపెట్టాడు. ఇది స్వతహాగా ప్రశ్నకు జవాబు చెప్పే పనిముట్టు. ఒక ఆజ్ఞ టైపు చేస్తే నాలుగు వాక్యాలు అచ్చువేసి ఊరుకుంటుంది. కానీ మనిషికి సోర్స్ కోడు కళ్ళ ముందు ఉండాలి. ఇప్పుడు నడుస్తున్న వాక్యం పక్కన బాణం గుర్తు ఉండాలి. ఆగవలసిన చోట ఎర్ర చుక్క ఉండాలి. ఈ కిటికీని సాధారణంగా డీబగ్గర్ కాక వేరే ప్రోగ్రాము చూపుతుంది. అది డీబగ్గర్‌తో మాట్లాడి, వచ్చిన జవాబును అర్థం చేసుకుని, బాణాన్ని సరైన వరుసలో నిలబెడుతుంది. ఆ ఇద్దరూ మాట్లాడుకునే భాషే ఇంటర్‌ఫేస్. కొందరు మిత్రులు దీన్ని అంతర్ముఖం అని అనువదించారు. నాకు ఆ మాట రుచించదు. అంతర్ముఖుడంటే తనలోకి తాను చూసుకునేవాడు. ఇదేమో ఎదుటివాడికి చూపించే ముఖం!

ఈ భాష మొదట ఎంత సాదాగా ఉండేదో చూడండి. ఈమాక్స్ అనే ఎడిటర్ కోసం జీడీబీలో ఒక ఏర్పాటు చేశారు. ప్రోగ్రాము ఎక్కడైనా ఆగినప్పుడల్లా జీడీబీ రెండు కంట్రోల్-జెడ్ అక్షరాలు వదిలి, వాటి వెంట ఫైలు పేరు, వరుస సంఖ్య, అక్షరస్థానం కోలన్లతో విడదీసి పంపేది. ఆ రెండు అక్షరాలు మనిషి చదివే పాఠంలో మామూలుగా రావు కనుక, అవి కనబడగానే ఇది తనకోసం చెప్పిన మాటేనని ఈమాక్స్ గ్రహించి బాణాన్ని కదిపేది. గుంపులో మాట్లాడుతూనే చెల్లెలికి మాత్రమే తెలిసేలా అక్క కనుసైగ చేయడం లాంటిది ఇది.

దీనికి భిన్నమైన మార్గం ఇంకొకటి ఉంది. జర్మనీలో ఆండ్రియాస్ త్సెల్లర్, డొరొతియా ల్యూట్కెహౌస్ కలిసి 1990ల మధ్యలో రూపొందించిన డీడీడీ అనే ఉపకరణం జీడీబీ మనుషుల కోసం అచ్చువేసే వాక్యాలనే చదివి అర్థం చేసుకునేది. అందువల్ల దానికొక గొప్ప వెసులుబాటు కలిగింది. జీడీబీ ఒక్కదానితోనే కాక డీబీఎక్స్ వంటి ఇతర డీబగ్గర్లతో కూడా అది పనిచేయగలిగింది, ఎందుకంటే మనిషికి అర్థమయ్యేలా మాట్లాడటం అన్నిటికీ వచ్చు కదా. కానీ మనిషి కోసం రాసిన వాక్యానికి స్థిరత్వం ఉండదు. ఎవరో సౌమ్యుడు ఒక క్రియాపదం ఇంకా బాగుండాలని మారుస్తాడు, మరొకడు ఒక కామా తీసేస్తాడు. మనిషి గమనించడు కూడా. యంత్రం మాత్రం అక్కడే బోర్లా పడుతుంది.

2005లో నేను కూడా ఆ రెండో మార్గమే పట్టాను. చిన్న చిన్న నియంత్రణ పరికరాలు తయారుచేసే ఒక సంస్థలో పనిచేస్తున్న రోజులు. మా బోర్డుల్లో నడిచే సీ ప్రోగ్రాములను పరీక్షించడానికి నేనొక సోర్స్ కిటికీ తయారుచేసుకున్నాను. జీడీబీ అచ్చువేసిన వాక్యంలో "లైన్" అనే మాట ఎక్కడుందో వెతికి, దాని వెనక వచ్చే అంకెను పట్టుకుని బాణం పెట్టడం నా యుక్తి. ఎనిమిది నెలలు చక్కగా నడిచింది. తరవాత ఒకనాడు ఒక సహోద్యోగి తన కొత్త ఫైలుకు "పైప్‌లైన్" అని పేరు పెట్టుకున్నాడు. నా యుక్తి ఆ పేరులోని లైన్ దగ్గరే ఆగిపోయింది. దాని వెనక అంకె లేదు, బాణం ఒకటో వరుసలో మేకులా దిగబడిపోయింది. ఆనాడు అందరం నవ్వుకున్నాం. నేను ఫైలు పేరు మార్చమని ఆయన్ని బతిమాలాను. నా ప్రోగ్రాము తప్పుకు ఎదుటివాడి ఫైలు పేరు మార్పించడం ఎంత సిగ్గుమాలిన పనో నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మనమంతా ఇంకొక గొడవలో ఉన్నాం. గుర్తుందా? ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు. ఆ ఫాంటు ఉంటేనే తెలుగు, లేకుంటే రోమను అక్షరాల చెత్త. ఆ ఫాంట్లు దాచింది అక్షరాన్ని కాదు, అక్షరపు ఆకారాన్ని. తలకట్టు ఒక సంకేతం, గుడి ఒక సంకేతం, ఒత్తు ఒక సంకేతం. అవి కంటి ముందు పేర్చుకుంటే తెలుగులా కనబడేది. వెతకబోతే దొరకదు, అకారాదిగా అమర్చబోతే అమరదు. యూనికోడ్ వచ్చి, ఆకారాన్ని వదిలేసి అక్షరాన్ని దాచమంది. లేఖిని వంటి ఉపకరణాలతో మనం ఇంట్లో కూర్చుని యూనికోడ్‌లో రాసుకోగలిగాం, పద్మ వంటి ఉపకరణాలతో పాత ఫాంట్ల పాఠాన్ని మార్చుకోగలిగాం. పగలు ఆఫీసులో నేను చేస్తున్న తప్పు, రాత్రి ఇంట్లో నేను ఎదిరించి వాదిస్తున్న తప్పు ఒక్కటేనని నాకు అప్పుడు తట్టింది. కంటికోసం రాసినదాన్ని తెచ్చి పునాదిగా వేసుకున్నాను. పగుళ్ళు రావడం సహజం.

జీడీబీలో యూనికోడ్ పాత్ర వహించేది మెషీన్ ఇంటర్‌ఫేస్, పొట్టిగా ఎంఐ. ఇది మనిషికోసం కాదు, యంత్రం చదవడానికే ఏర్పరచిన భాష. ప్రతి జవాబూ పేరు, విలువ అనే జంటలుగా వస్తుంది. వరుస సంఖ్య కావాలంటే వాక్యాన్ని తవ్వనక్కరలేదు, వరుస అనే పేరున్న గదిలో చేయి పెడితే చాలు. అంతకన్నా ముఖ్యం, ఈ భాషకు సంచిక సంఖ్య ఉంది. 2001లో జీడీబీ 5.1తో ఒకటో సంచిక. 2003లో 6.0తో రెండో సంచిక. 2020లో 9.1తో మూడోది. 2023 ఫిబ్రవరిలో 13.1తో నాలుగోది. ఇరవై రెండేళ్ళలో నాలుగే నాలుగు. జీడీబీని మొదలుపెట్టేటప్పుడే నాకు ఫలానా సంచిక భాషలో మాట్లాడు అని చెప్పవచ్చు. అప్పుడు జీడీబీ ఎంత కొత్తదైనా మన దగ్గర మాత్రం ఆ పాత మర్యాదలోనే మాట్లాడుతుంది. ఒకటో సంచికను ఇక తీసివేస్తామని 13లో ముందుగా ప్రకటించి, 2023 డిసెంబరులో వచ్చిన 14లో తీసివేశారు. ఒక పాత తలుపును అన్నేళ్ళు తెరిచి ఉంచి, మూసేముందు చాటింపు వేసి మూసిన ఈ పద్ధతి నాకు ఎంతో గౌరవనీయంగా తోస్తుంది. మన పత్రికల ఫాంట్ల యజమానులు ఈ పాటి మర్యాద పాటించి ఉంటే మన రెండు దశాబ్దాల పాఠం అంతలా చెల్లాచెదురయ్యేది కాదు.

సంచిక మారడమంటే ఏమిటి? బయటివారికి చాదస్తంగా కనబడే సంగతులే. ఉదాహరణకు ఒకటి నుండి రెండుకు వచ్చినప్పుడు, ఒక చలరాశి లోపలి పిల్ల చలరాశుల జాబితా రూపం మారింది. మునుపు ఒకే పెట్టెలో "పిల్ల" అనే పేరుతోనే పది విలువలు ఉండేవి. పేరును బట్టి విలువను దాచుకునే ప్రోగ్రాముకు ఒక పేరుకు ఒకే గది ఉంటుంది కనుక, పదిమందిలో ఆఖరివాడు మాత్రమే మిగిలేవాడు. రెండో సంచికలో దాన్ని వరుసక్రమం గల జాబితాగా మార్చారు. ఇంత చిన్న సంగతి కోసం సంచిక సంఖ్య పెంచాలా అంటే, పెంచాలి. చిన్నదో పెద్దదో నిర్ణయించవలసింది మార్చేవాడు కాదు, దానిమీద ఆధారపడ్డవాడు.

2006లో నేను రెండో సంచికకు మారాను. పైప్‌లైన్ మిత్రుడికి తన ఫైలు పేరు తిరిగి ఇచ్చేశాను. ఆ తరవాత పద్నాలుగేళ్ళు నా కిటికీ జోలికి పోలేదు. మధ్యలో సంస్థవారు కంపైలరుతో పాటు జీడీబీని ఎన్నిసార్లు కొత్తది వేసినా, నా ప్రోగ్రాము మాత్రం నాకు రెండో సంచికే కావాలి అని అడుగుతూ హాయిగా నడిచింది. జీడీబీని కొత్తది చేసుకోవడంలో లాభాలూ కనబడ్డాయి. 2009లో వచ్చిన 7.0కు ముందు, మెమరీలో ఉన్న తెలుగు మాటను చూపించమంటే అది అక్షరాలు చూపేది కాదు. "త" ఒక్కదానికి 340, 260, 244 అని మూడు అష్టాంశ సంఖ్యలు. "తెలుగు" అనే ఆరు సంకేతాల మాటకు పద్దెనిమిది సంఖ్యలు! 7.0లో బహుబైటు లిపుల మద్దతు వచ్చాక, టెర్మినల్‌లో మొదటిసారి తెలుగు తెలుగుగా కనబడింది. ఆ రాత్రి అదే ఆజ్ఞను పదిసార్లు కొట్టి చూసుకున్నానంటే నవ్వకండి. ఈ పేజీలు చదివేవారికి ఆ పిచ్చి అర్థమవుతుందని నా నమ్మకం.

2020లో మూడో సంచిక వచ్చిందని చదివాను. ఎందుకు వచ్చిందో కూడా చదివాను. కాని ముట్టుకోలేదు. నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి అనుకున్నాను. ఆ ఎందుకుకు జవాబు 2023 వేసవిలో దొరికింది.

మా బృందంలోకి అప్పుడే ఒక కుర్రవాడు వచ్చాడు. సూర్యాపేట దగ్గరి పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టలు గదిలో ఉంటూ, ఆ వీధుల్లోనే ఏదో సంస్థలో సీ, సీ ప్లస్ ప్లస్ నేర్చుకుని వచ్చాడు. చురుకైనవాడు, మొహమాటస్తుడు. ఒక మోటారు నడిపే ప్రోగ్రాములో దోషం వెతకమని అతనికి అప్పగించాం. మూడు రోజుల తరవాత ఉదయం కళ్ళు ఎర్రబడి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, నేను పెట్టిన కాడ ఆగుతలేదు సార్. ఎక్కడెక్కడనో ఆగుతున్నది. మెమరీ ఎక్కడనో ఖరాబైనట్టున్నది. మూడు రాత్రుల సంది చూస్తున్న, దొరుకుతలేదు."

నేను అతని పక్కన కూర్చుని చూశాను. అతను "రీసెట్" అనే ఫంక్షను దగ్గర ఆపమని పేరు టైపు చేశాడు. మోటారు ఫైలులో రీసెట్ పక్కన ఎర్ర చుక్క పడింది. ప్రోగ్రామును వదిలితే బాణం వెళ్ళి ఎక్కడో టైమరు ఫైలులో నిలిచింది. ఇంకోసారి వదిలితే సీరియల్ పోర్టు ఫైలులో నిలిచింది. చుక్క లేనిచోట బాణం ఆగితే, ప్రోగ్రాము దారితప్పి పరుగెడుతోందని అనుకోవడం న్యాయమే. లేని మెమరీ దోషం కోసం ఆ పిల్లవాడు మూడు రాత్రులు జాగరణ చేశాడు.

దోషం నాది. మా ప్రోగ్రాములో రీసెట్ అనే పేరుతో మూడు ఫైళ్ళలో మూడు ఫంక్షనులున్నాయి, ప్రతిదీ తన ఫైలుకే పరిమితం. ఎల్బీనగర్ బస్టాపులో నిలబడి "వెంకటేశ్వర్లూ" అని కేకేస్తే ముగ్గురు తిరిగి చూసినట్టు, 2012లో వచ్చిన 7.4 నుండి జీడీబీ ఆ పేరు గల అన్ని చోట్లా ఆపడం మొదలుపెట్టింది. అది మంచి నిర్ణయమే. అలా ఆపి, ఇదిగో ఒకటో నంబరు బ్రేక్‌పాయింటు, దానికి ఇవిగో మూడు స్థానాలు అని జవాబు కూడా ఇస్తుంది. కాని రెండో సంచిక భాష రూపుదిద్దుకున్న 2003లో ఒక బ్రేక్‌పాయింటుకు అనేక స్థానాలుండటం ఎవరి లెక్కలోనూ లేదు. ఆ తరవాత ఆ మూడు స్థానాలను ఉన్న జవాబుకే తగిలించవలసి వచ్చింది. తండ్రి పేరు ఇంటి లోపల రాసి, పిల్లల పేర్లు ప్రహరీ గోడ బయట రాసినట్టు తయారైంది. ఆ భాషకు తాను పెట్టుకున్న వ్యాకరణం ప్రకారమే అది తప్పు వాక్యం. ఈ సంగతిని జీడీబీ వారే ఒప్పుకుని, మూడో సంచికలో పిల్లలందరినీ "స్థానాలు" అనే జాబితాలో చేర్చి ఇంటి లోపలికి తెచ్చారు. నా ప్రోగ్రాము గోడ దాకా చదివి ఆగిపోయేది. తండ్రి దగ్గర ఫైలు పేరు, వరుస సంఖ్య ఉండవు కనుక, తెర మీద కర్సరు ఎక్కడుందో అక్కడే చుక్క పెట్టి చేతులు దులుపుకునేది. తెలియనప్పుడు తెలియదని చెప్పకుండా ఊహించి చెప్పడం మనుషుల్లోనే కాదు, ప్రోగ్రాముల్లోనూ చెడ్డగుణమే. అయితే ఆ గుణం దానికి నేర్పింది నేనే.

ఆ మధ్యాహ్నమే కూర్చున్నాను. జీడీబీని మొదలుపెట్టే వాక్యంలో ఎంఐ పక్కన ఉన్న 2ను 3 చేశాను. పట్టిన సమయం పది సెకన్లు. కిటికీ మళ్ళీ సవ్యంగా నడవడానికి పట్టింది రెండు వారాలు.

ఎందుకంటే మారింది జవాబు రూపం ఒక్కటే కాదు. ఒక బ్రేక్‌పాయింటు అంటే ఒక చోటు అనే భావన నా ప్రోగ్రాములో పునాది నుండి పైకప్పు దాకా పాకి ఉంది. చుక్కలను దాచుకునే పట్టికలో ప్రతి నంబరుకూ ఒకే వరుస. చుక్కను తుడిచేసే మీట ఒక చోటునే తుడుస్తుంది. ఆగినప్పుడు చూపే సందేశం ఒక్క చోటునే చెబుతుంది. ఇప్పుడు 1.1, 1.2, 1.3 అని మూడు చుక్కలు మూడు ఫైళ్ళలో పడాలి. వాటిలో రెండోదాన్ని మాత్రమే నిద్రపుచ్చే వీలుండాలి. తండ్రిని తీసేస్తే పిల్లలు ముగ్గురూ పోవాలి. కొత్త సంచికకు మారడమంటే రెండు మూడు పేర్లు మార్చడమేనని అనుకుంటాం. నిజానికి అవతలివాడు లోకాన్ని ఎలా చూస్తున్నాడో నేర్చుకోవడం అది.

ఆ రెండు వారాల్లో నన్ను కాపాడింది పాత అలవాటొకటి. జీడీబీకి, నా కిటికీకి మధ్య జరిగే సంభాషణను మొదటినుండీ ఒక ఫైలులో రాయిస్తూ వచ్చాను. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ సంభాషణల నుండి నలభై ఏరి, వాటినే కొత్త చదువరికి మళ్ళీ వినిపించాను. ఎక్కడ తడబడిందో అక్కడ దిద్దాను. తరవాత అవే పరీక్షలను మూడో సంచికతో తాజాగా చేయించి రెంటినీ పోల్చాను. నాలుగో సంచికలో మార్పు ఇంకా చిన్నది. బ్రేక్‌పాయింటు దగ్గర ఆగినప్పుడు వరుసగా చేయమని మనం రాసిపెట్టే ఆజ్ఞలను పేర్లు లేని పెట్టెలో కాక జాబితాలో పంపడం. మూడో మెట్టు ఎక్కినవాడికి అది అరపూట పని. అదే ఒకటో మెట్టు మీద కూర్చున్నవాడైతే, అప్పటికి మెట్టే కూలిపోబోతోంది.

ఇక నా అభిప్రాయం. నడుస్తున్న బండిని విప్పి చూడకు అనే సామెత లాంటి మాటను మా వృత్తిలో తరచుగా వింటాం. అందులో నిజం లేకపోలేదు. ప్రతి కొత్త సంచికనూ వచ్చిన నాడే నెత్తిన పెట్టుకోవాలని నేను అనను. ఊరికే మార్చినందుకు చెడిపోయిన ప్రోగ్రాములను చాలా చూశాను. కాని ఆ మాటలో ఒక మోసం దాగి ఉంది. నా కిటికీ పద్నాలుగేళ్ళు నిశ్చలంగా ఉందని నేను అనుకున్నాను. అది నిశ్చలంగానే ఉంది, కింద నేల కదిలింది. 2012లో జీడీబీ అర్థం మారిపోయింది. నా చుక్క ఆనాటినుండీ అప్పుడప్పుడు అబద్ధమాడుతూనే ఉండి ఉంటుంది. మా బృందంలోని పాతకాపులం పేర్లు టైపు చేయకుండా వరుస మీద నొక్కి చుక్క పెట్టే అలవాటున్నవాళ్ళం కనుక మాకు తగల్లేదు. కొత్తగా వచ్చినవాడికి తగిలింది. వాయిదా వేసిన మార్పు ఖరీదును ఎప్పుడూ వాయిదా వేసినవాడు కట్టడు, వెనక వచ్చినవాడు కడతాడు. నన్ను బాధించింది ఇదే. ఆ పిల్లవాడు తప్పు తనలోనే ఉందనుకున్నాడు. మూడు రాత్రులు తన చదువును తాను అనుమానించుకున్నాడు.

దీనికి ఎదురుగా ఇంకో ఉదాహరణ ఉంది. ఇన్‌సైట్ అనే సోర్స్ కిటికీని సిగ్నస్, తరవాత రెడ్‌హాట్ వారు తయారుచేశారు. చూడచక్కనిది. కాని అది జీడీబీతో మాట్లాడేది కాదు, జీడీబీ పొట్టలోనే కాపురముండేది. రెండింటినీ కలిపి ఒకే ప్రోగ్రాముగా కట్టారు. అందువల్ల జీడీబీ లోపల ఏ గోడ జరిగినా దీని పైకప్పు కదిలేది, ప్రతి సంచికకూ తిరిగి అతకవలసి వచ్చేది. డెబియన్ వంటి పంపిణీలు చివరికి దాన్ని వదిలేశాయి. ఎప్పుడూ మారవలసి రావడం కూడా, ఎన్నడూ మారకపోవడమంత ప్రమాదమే. నాలుగు సంచికలకు ఇరవై రెండేళ్ళు తీసుకున్న ఎంఐ ఈ రెంటికీ మధ్య నడిచిన దారి. అలాంటి దారి దొరికినప్పుడు ఆయా మెట్లను ఆయా కాలాల్లో ఎక్కడం మన వంతు మర్యాద.

కొత్తగా సోర్స్ కిటికీ కట్టేవారు ఇంకొక సంగతి గమనించాలి. మైక్రోసాఫ్ట్ వారు తమ వీఎస్ కోడ్ ఎడిటర్ కోసం రూపొందించి అందరికీ తెరిచిన డీబగ్ అడాప్టర్ ప్రోటోకాల్ అనే భాష ఉంది. జీడీబీ 14 దాన్ని కూడా మాట్లాడటం నేర్చుకుంది. అందులో ఎంఐలో లాగా సంచిక అంకె అడగడం ఉండదు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు రెండు వైపులవారూ ముందే విషయాలు విప్పి చెప్పుకున్నట్టు, మొదటి పలకరింపులోనే నాకు ఇవి తెలుసు, మరి నీకేం తెలుసు అని ఇచ్చిపుచ్చుకుంటారు. వరుసలను ఒకటి నుండి లెక్కించాలా, సున్నా నుండా అనేది కూడా అప్పుడే చెప్పుకోవాలి! బాణం ఒక్క వరుస పక్కకు జరిగి నిలబడే పీడకలను ఎరిగినవాడికి ఆ ఒక్క ప్రశ్న విలువ తెలుస్తుంది. డీడీడీ మనిషి మాటలను ఊహించి సాధించిన విస్తృతిని ఇది ఒప్పందం ద్వారా సాధించింది. అదే కిటికీ వేరే డీబగ్గర్లతోనూ మాట్లాడగలదు. నేనే ఇవాళ మొదటినుండి కడితే దీనితోనే కడతాను. కట్టి ఉన్నదాన్ని కూల్చి మాత్రం కట్టను. ఎంఐ మెట్లు ఎక్కుతూ ఉండటం దానికి చాలు.

2024 మార్చిలో మన రాష్ట్రంలో కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ అక్షరాలు వచ్చాయి. పాత బండ్లు పాత పలకలతోనే తిరగవచ్చు అన్నారు. మా వీధిలో ఒకే ఇంటి ముందు ఏపీ, టీఎస్, టీజీ మూడూ నిలబడి ఉంటాయి, తాత, తండ్రి, మనవడిలా. వాటిని చదివే కెమెరాలకు ఎవరో ఒకరు కూర్చుని ఆ మూడు సంచికలనూ నేర్పే ఉంటారు. వారెవరో నాకు తెలియదు గాని, వారి రెండు వారాల శ్రమ ఎలాంటిదో మాత్రం ఊహించుకోగలను.

మా కుర్రవాడి మోటారు దోషం మర్నాడే దొరికింది. మూడు చుక్కలూ కనబడగానే అతనికి గంట కూడా పట్టలేదు. ఒక కూడికలో గుర్తు తప్పు, అంతే. ఇప్పుడు ఆ కిటికీ సోర్స్ కోడు బాధ్యత అతనికే అప్పగించాను. సంచిక అంకె ఉన్న వరుసకు పైన ఒక వ్యాఖ్యగా మార్చిన తేదీ, మార్చిన కారణం, పరీక్షల చోటు తెలుగులోనే రాశాను. కింద అతను ఇంకో వాక్యం చేర్చాడు. "5 వస్తే నన్ను అడగండి" అని.